రెండు స్పీకర్లూ ఒకేసారి ముందుకు కదలాలి: ఇంట్లో స్టీరియో ఫేజ్ సరిచేసుకోవడం ఎలా

స్పీకర్లు అమర్చారు, వైర్లు తగిలించారు, బాగా తెలిసిన పాట పెట్టారు. శబ్దం గట్టిగానే వస్తోంది. కానీ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు, గదంతా పరుచుకున్నట్టుంది. బేస్ గిటార్ ఉందా అంటే ఉంది, కానీ బరువు లేదు. తల కాస్త అటూ ఇటూ తిప్పితే చెవుల్లో ఏదో ఒత్తిడి పడుతున్నట్టు ఇబ్బందిగా ఉంది. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే స్పీకర్లను అనుమానించకండి, కొత్త యాంప్లిఫయర్ కోసం వెతకకండి. ముందుగా వైర్లు చూడండి. ఏదో ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారై ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఇది సరిచేయడానికి ఏమీ కొనక్కర్లేదు. ఒక టార్చి, ఒక కొలిచే టేపు, ఒక 1.5 వోల్టుల బ్యాటరీ, కాస్త ఓపిక ఉంటే చాలు. ఖరీదైన కేబుళ్ల గురించి, స్టాండ్ల గురించి ఆలోచించేది దీని తర్వాతే. ఎందుకంటే ఫేజ్ తప్పిన, అంటే రెండు స్పీకర్లూ ఒకే తాళంలో కదలని సిస్టమ్‌లో మిగతా ఏ మార్పు చేసినా దాని ఫలితం సరిగా వినబడదు.

అసలు ఏం జరుగుతోంది

స్పీకరు కోన్, అంటే ముందు కనిపించే గరాటు లాంటి పొర, ముందుకు వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న గాలిని నొక్కుతుంది, వెనక్కి వెళ్లినప్పుడు అక్కడి గాలిని పల్చబరుస్తుంది. ఒకే సంకేతం రెండు స్పీకర్లకూ అందితే రెండు కోన్లూ ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనక్కి కదలాలి. ఒకదానికి తీగలు తిరగబడితే, ఒకటి గాలిని నొక్కే క్షణంలో రెండోది లాగుతుంది. ఇద్దరు ఒకే బండిని చెరో వైపు నుంచి నెట్టినట్టు, శ్రమ ఉంటుంది గానీ కదలిక ఉండదు.

దీని దెబ్బ ముందు తగిలేది బేస్‌కే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి 50 హెర్ట్జ్ శబ్దపు తరంగదైర్ఘ్యం దాదాపు 6.9 మీటర్లు. స్పీకర్ల మధ్య ఉండే రెండు మూడు మీటర్ల ఎడం దాని ముందు చిన్నది. అందుకే రెండు అలలూ ఎదురెదురుగా కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 10,000 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3.4 సెంటీమీటర్లే. అక్కడ కూడికలూ తీసివేతలూ ప్రతి కొన్ని సెంటీమీటర్లకూ మారిపోతుంటాయి, మొత్తం మీద శబ్దం తగ్గినట్టు అనిపించదు. తాళాలు, తీగ వాద్యాల మెరుపు బాగానే వినబడుతూ కింది భాగం మాత్రం బోలుగా ఉండడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. గాయని గొంతు మధ్యలో వినబడుతుంది గానీ అక్కడ స్పీకరు లేదు. ఎడమ నుంచీ కుడి నుంచీ ఒకే శబ్దం, ఒకే స్థాయిలో, ఒకే సమయానికి చెవులకు చేరితే మెదడు దాన్ని మధ్యలో నిలబెడుతుంది. 1931 డిసెంబరులో బ్రిటన్‌లో అలన్ బ్లమ్‌లైన్ దాఖలు చేసిన స్టీరియో పేటెంట్‌లో ఉన్నదీ ఈ కిటుకే: రెండు స్పీకర్ల నుంచి వచ్చే శబ్దాలు కలిసి, అసలు ధ్వని ఆ చోటు నుంచి వస్తే చెవుల దగ్గర ఎలాంటి తేడాలు ఉంటాయో అలాంటివే పుట్టించాలి. ఒక స్పీకరు తిరగబడితే ఆ లెక్కంతా చెదిరిపోతుంది.

ఫేజ్ తేడా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ప్లస్, మైనస్ తిరగబడడం. దీన్ని పోలారిటీ అంటారు. ఇది అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేసారి తలకిందులు చేస్తుంది. రెండోది సమయం: ఒక స్పీకరు దగ్గరగా, ఇంకోటి దూరంగా ఉండడం వల్ల వచ్చే తేడా. ఇది ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది. మొదటిదాన్ని సరిచేశాకే రెండోదాని జోలికి వెళ్లండి. లేకపోతే దేనివల్ల ఏం మారిందో తేల్చుకోలేరు.

మొదటి మెట్టు: వైర్లు

యాంప్లిఫయర్ స్విచ్చి ఆపేయండి. ఆపకుండా వైర్లు కదిపితే విడి పోగులు తగులుకుని యాంప్ కాలిపోవచ్చు.

స్పీకరు వైరులోని రెండు తీగల్లో ఒకదానికి ఎక్కడో ఒక గుర్తు ఉంటుంది. ఎర్ర చార కావచ్చు, తొడుగు మీద అచ్చేసిన అక్షరాలు కావచ్చు, వేలితో తడిమితే తగిలే సన్నటి గట్టు కావచ్చు. పారదర్శకమైన తొడుగున్న వైర్లలో కొన్నిటికి ఒక తీగ రాగి రంగులో, ఇంకోటి వెండి రంగులో ఉంటుంది. నలుపు మీద నలుపు గట్టు ఉన్నవి కళ్లకు దొరకవు, టార్చి వేసి ఏటవాలుగా చూడాలి. గుర్తున్న తీగ ప్లస్‌కా మైనస్‌కా అన్నది మీ ఇష్టం, కరెంటుకు ఆ పట్టింపు లేదు. కానీ ఒకసారి నిర్ణయించుకున్నాక నాలుగు కొసల దగ్గరా అదే పాటించండి: యాంప్ ఎడమ, ఎడమ స్పీకరు, యాంప్ కుడి, కుడి స్పీకరు. గుర్తున్న తీగ ఎర్ర టెర్మినల్‌కు (టెర్మినల్ అంటే వైరు బిగించే చోటు, ఎరుపు ప్లస్), గుర్తు లేనిది నల్లదానికి (మైనస్) అనుకుంటే గుర్తుంచుకోవడం తేలిక.

కొసల దగ్గర సెంటీమీటరు మేర తొడుగు ఒలిచి, పోగులు చెదరకుండా మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా షార్ట్ అవుతుంది. స్పీకరు వెనక నాలుగు టెర్మినళ్లు, వాటిని కలుపుతూ రేకు ముక్కలు ఉంటే అవి ఎరుపు నుంచి ఎరుపుకు, నలుపు నుంచి నలుపుకు ఉన్నాయో లేదో, బిగువుగా ఉన్నాయో లేదో కూడా చూడండి. బై-వైరింగ్, అంటే ఆ రేకులు తీసేసి ఒక్కో జతకూ విడి వైరు, చేసుకున్నవాళ్లు పై జతనూ కింది జతనూ విడివిడిగా సరిచూసుకోవాలి. అక్కడ ఒక్క జత తిరగబడితే ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్నది), ఊఫర్ (బేస్ పలికే పెద్దది) ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి, దాన్ని చెవితో పట్టుకోవడం ఇంకా కష్టం.

ఒక వైరు రెండో దానికంటే రెండు మూడు మీటర్లు పొడవుందని దిగులుపడకండి. తీగలో సంకేతం దాదాపు కాంతి వేగంతో పోతుంది, ఆ తేడా సెకనులో కోటి వంతు కూడా ఉండదు. ఆ మిగులు వైరును మడిచి స్పీకరు వెనక పెట్టేయండి.

రెండో మెట్టు: బ్యాటరీతో కంటితో చూడడం

వైరు గోడ లోపల నుంచి వెళ్తోందనుకోండి, గుర్తులు చెరిగిపోయాయనుకోండి. అప్పుడు బ్యాటరీ కావాలి. ఇది యాంప్ విడిగా ఉండే మామూలు స్పీకర్లకు మాత్రమే. లోపలే యాంప్ ఉన్న యాక్టివ్ స్పీకర్ల మీద చేయకూడదు.

యాంప్ వైపు కొసలను పూర్తిగా ఊడదీయండి. 1.5 వోల్టుల బ్యాటరీ మైనస్‌కు ఒక తీగ పట్టుకుని, రెండో తీగను ప్లస్‌కు అలా తాకించి వెంటనే తీసేయండి. టప్పుమని చిన్న చప్పుడు వస్తుంది. అదే క్షణంలో ఇంకొకరు ఊఫర్ కోన్‌ను చూడాలి. అది ముందుకు వచ్చిందంటే బ్యాటరీ ప్లస్‌కు తగిలిన తీగే స్పీకరు ప్లస్. లోపలికి వెళ్తే తిరగేసి ఉన్నట్టు. టార్చి పక్క నుంచి వేస్తే కదలిక బాగా కనిపిస్తుంది. బ్యాటరీని అలాగే పట్టుకుని ఉంచకండి, 9 వోల్టులది వాడకండి. చిన్న డ్రైవర్లకు (పెట్టెలో శబ్దం చేసే ఊఫర్, ట్వీటర్ లాంటి యూనిట్లకు) అది మంచిది కాదు.

అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించలేదు. జేబీఎల్ చాలాకాలం పాటు తయారుచేసిన డ్రైవర్లలో ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోన్ లోపలికి వెళ్తుంది. కాబట్టి మీరు చూడాల్సింది కోన్ ఎటు కదిలిందన్నది కాదు, రెండు స్పీకర్లలోనూ ఒకేలా కదిలిందా అన్నది.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. స్పీకరు పెట్టె విప్పి, లోపల ట్వీటర్ తీగలు ఊఫర్‌కు విరుద్ధంగా కలిపి ఉన్నాయని చూసి వాటిని "సరిచేయడం" చాలామంది చేసే పని. చేయకండి. శబ్దాన్ని ఊఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్‌ను క్రాసోవర్ అంటారు. ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే ప్రతిసారీ) 12 డెసిబెళ్ల చొప్పున కోసే క్రాసోవర్‌లో, కోత పెట్టే ఫ్రీక్వెన్సీ దగ్గర ఊఫర్‌కూ ట్వీటర్‌కూ మధ్య 180 డిగ్రీల తేడా, అంటే సగం తరంగం తేడా, వస్తుంది. దాన్ని పూడ్చడానికే డిజైనర్ ట్వీటర్‌ను కావాలని తిరగేస్తాడు. మీరు దాన్ని మారిస్తే సరిగ్గా గొంతు, వయొలిన్ ఉండే చోట శబ్దం తగ్గిపోయి పెద్ద గుంట పడుతుంది. తయారైన స్పీకరు లోపల ఏముందో అలాగే ఉండనివ్వండి. మన పని పెట్టె బయటి టెర్మినళ్ల వరకే.

మూడో మెట్టు: చెవి పరీక్ష

నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. కళ్లు పొరపాటు పడవచ్చు, పాత వైరింగ్ మీద ఉన్న గుర్తు తప్పు కావచ్చు. వినబడేది మాత్రం మొత్తం గొలుసు చివర వచ్చిన ఫలితం.

మోనో శబ్దం కావాలి, అంటే రెండు స్పీకర్లలోనూ అచ్చంగా ఒకే సంకేతం. యాంప్‌కు మోనో బటన్ ఉంటే నొక్కండి. లేకపోతే ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అనే ఎంపిక ఉంటుంది, అది ఆన్ చేసి ఆ ఫోన్ నుంచే వినిపించండి. ఒక మనిషి మాట్లాడే రికార్డింగు గానీ పింక్ నాయిస్ గానీ పెట్టండి. పింక్ నాయిస్ హోరులా ఉంటుంది, కానీ ఈ పనికి పాటకంటే బాగా పనికొస్తుంది. రికార్డింగు మీదే అనుమానముంటే ముందు హెడ్‌ఫోన్లలో వినండి. మోనో శబ్దమైతే తల మధ్యలో ఒక్క చోటే నిలుస్తుంది.

రెండు స్పీకర్లకూ సరిసమాన దూరంలో, మధ్యలో కూర్చుని కళ్లు మూసుకోండి. సరిగా ఉంటే శబ్దం రెండు స్పీకర్ల నడుమ గాలిలో ఒక చిన్న చోట నిలబడుతుంది, వేలు పెట్టి చూపించగలిగినంత స్పష్టంగా. తిరగబడి ఉంటే అది ఎక్కడా నిలవదు. ఒకసారి ఎడమ పక్కన, ఒకసారి తల వెనక, ఒకసారి గదంతా.

ఇప్పుడు యాంప్ ఆపి, ఒక్క స్పీకరు వెనక మాత్రమే రెండు తీగలనూ అటుదిటు మార్చి మళ్లీ వినండి. ఈ పని తప్పకుండా చేయండి, మొదటిసారే సరిగా ఉందనిపించినా సరే. రెండింటినీ వెంటవెంటనే వింటే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది, ఆ వినికిడి ఇక ఎన్నటికీ పోదు. ఆ తర్వాత ఎక్కడ ఏ సిస్టమ్ విన్నా మీ చెవి దానంతట అదే పట్టేస్తుంది. బేస్ నిండుగా, గొంతు మధ్యలో ఉన్న అమరికే సరైనది. తీగలను రెండు స్పీకర్లకూ మార్చారంటే మళ్లీ మొదటికే వస్తారు, ఒక్కదానికే మార్చాలి.

ఇంకా తేల్చుకోలేకపోతే స్పీకర్లను ఎదురెదురుగా, మధ్యలో నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే వదిలి పెట్టండి. తక్కువ శబ్దంతో బేస్ ఎక్కువగా ఉన్న మోనో పాట పెట్టండి. పోలారిటీ తిరగబడి ఉంటే బేస్ దాదాపు మాయమైపోతుంది, ఎండిపోయిన గొంతుక మాత్రమే మిగులుతుంది. సరిగా ఉంటే బేస్ బలంగా నిలుస్తుంది. ఈ పరీక్షలో గది ప్రభావం తక్కువ కాబట్టి సందేహానికి తావుండదు.

రికార్డ్ ప్లేయర్ పెట్టినప్పుడు మాత్రమే శబ్దం చెదిరితే తప్పు స్పీకర్లలో లేదు, కార్ట్రిడ్జ్ (సూది ఉండే ముక్క) వెనక నాలుగు సన్నటి తీగల్లో ఉంది. అక్కడ రంగుల లెక్క స్థిరమైనది: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. అలాగే ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల) కేబుళ్లతో నడిచే యాక్టివ్ స్పీకర్లలో 2వ పిన్ ప్లస్, 3వ పిన్ మైనస్. చేత్తో అతికిన కేబుల్ ఏదైనా ఉంటే ముందు దాన్ని అనుమానించండి.

నాలుగో మెట్టు: దూరాలు

పోలారిటీ తేలాక టేపు తీయండి. కుడి స్పీకరు మీకు ఎడమదానికంటే 34 సెంటీమీటర్లు దగ్గరగా ఉంటే దాని శబ్దం ఒక మిల్లీసెకను ముందు చేరుతుంది. వినడానికి ఎంత తక్కువ సమయం! కానీ ఆ ఒక్క మిల్లీసెకనుకే మధ్యలో ఉండాల్సిన గొంతు పూర్తిగా దగ్గరి స్పీకరు వైపు జారిపోతుంది. అందులో సగం, 17 సెంటీమీటర్ల తేడా ఉన్నప్పుడు 1000 హెర్ట్జ్ దగ్గర రెండు అలలూ సరిగ్గా ఎదురు తిరుగుతాయి, గొంతు పల్చబడుతుంది.

కూర్చునే చోట చెవి ఉండే ఎత్తు నుంచి ఒక్కో ట్వీటర్ వరకూ కొలవండి. నేల మీద కొలవకండి, ఏటవాలు దూరం వేరుగా ఉంటుంది. రెండూ ఒక సెంటీమీటరు తేడాలోకి తేవాలి. స్పీకర్ల మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే ఉంటే, అంటే మూడు భుజాలూ సమానమైన త్రిభుజమైతే, అది మొదలుపెట్టడానికి మంచి చోటు. స్పీకర్లను మీ వైపు ఎంత తిప్పాలన్నది మీ రుచి, కానీ రెండింటినీ ఒకే కోణంలో తిప్పండి.

వెనక గోడ కూడా ఫేజ్ లెక్కలో భాగమే. స్పీకరు నుంచి వెనక్కి పోయిన బేస్ గోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది. ఆ దూరం ఒక తరంగపు పావు వంతుతో సమానమైతే, అది తిరిగి వచ్చేసరికి సగం తరంగం వెనకబడి, ముందుకు పోయే శబ్దాన్ని తినేస్తుంది. లెక్క సులువు: 343ను దూరానికి నాలుగింతలతో భాగించండి. ఊఫర్ గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గుంట దాదాపు 143 హెర్ట్జ్ దగ్గర, మీటరు దూరమైతే 86 దగ్గర. గుంటను పూర్తిగా తప్పించుకోలేరు, ఎక్కడ పడాలో ఎంచుకోగలరు. వెనక గోడ దూరం, పక్క గోడ దూరం, నేల నుంచి ఊఫర్ ఎత్తు ఈ మూడూ ఒకటే కాకుండా చూసుకోండి. ఒకటే అయితే మూడు గుంటలూ ఒకే చోట పడి లోతు పెరుగుతుంది.

ఐదో మెట్టు: సబ్‌ఊఫర్

సబ్‌ఊఫర్ (సబ్), అంటే లోతైన బేస్ మాత్రమే పలికే విడి పెట్టె, లేనివాళ్లు దీన్ని వదిలేయవచ్చు. ఉన్నవాళ్లకు మాత్రం అసలు పని ఇక్కడే. సబ్ వెనక 0 నుంచి 180 వరకు తిరిగే ఫేజ్ నాబ్, లేదా 0, 180 అని రెండు స్థానాల స్విచ్చి ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. బేస్ చాలడం లేదని సబ్ వాల్యూమ్ పెంచుతారు, దాంతో కొన్ని స్వరాలు ఉరుముతాయి, కొన్ని మాయమవుతాయి.

సబ్ నుంచి స్పీకర్లకు పని చేతులు మారే ఫ్రీక్వెన్సీ దగ్గర, ఉదాహరణకు 80 హెర్ట్జ్ దగ్గర, రెండూ ఒకే శబ్దాన్ని పలుకుతాయి. అక్కడ అవి కలవాలి. 80 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 4.3 మీటర్లు, కాబట్టి సబ్ 2.15 మీటర్లు ముందో వెనకో ఉంటే చాలు, పూర్తిగా ఎదురు తిరుగుతుంది. పైగా సబ్ లోపలి ఫిల్టర్, డిజిటల్ సర్క్యూట్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి. అందుకే టేపుతో కొలిచిన దూరం ఇక్కడ సరిపోదు.

ఇలా చేయండి. పని చేతులు మారే ఆ ఫ్రీక్వెన్సీలో, అంటే మీ క్రాసోవర్ ఫ్రీక్వెన్సీలో, స్థిరమైన టోన్ పెట్టండి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి, మీరు కూర్చునే చోట తల ఉండే ఎత్తున కదలకుండా ఉంచండి. ఫోన్ మైకు చూపే అంకె కచ్చితం కాకపోయినా ఎక్కువ తక్కువలు పోల్చడానికి పనికొస్తుంది. మొదట స్పీకర్లు మాత్రమే, తర్వాత సబ్ మాత్రమే వినిపించి రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపేలా సబ్ వాల్యూమ్ సర్దండి. ఇప్పుడు రెండూ కలిపి, ఇంకొకరి చేత ఫేజ్ నాబ్ మెల్లగా తిప్పించండి. అంకె అత్యధికంగా ఉన్న చోటే సరైన చోటు.

ఆ శిఖరం చదునుగా ఉంటుంది, కచ్చితమైన చోటు దొరకదు. అందుకు మంచి ఉపాయం ఒకటుంది. యాంప్ ఆపి రెండు ప్రధాన స్పీకర్ల తీగలనూ తాత్కాలికంగా తిరగేయండి. రెండింటినీ తిరగేశారు కాబట్టి వాటి మధ్య పొత్తు చెడదు. ఇప్పుడు శబ్దం అతి తక్కువయ్యే చోటు కోసం నాబ్ తిప్పండి. ఈ గుంట పదునుగా ఉంటుంది, చెవికే దొరుకుతుంది. దొరికాక నాబ్‌ను కదపకుండా, స్పీకర్ల తీగలను మళ్లీ యథాస్థానానికి మార్చండి. ఎక్కడైతే పూర్తిగా చెరిగిపోయాయో అక్కడే ఇప్పుడు పూర్తిగా కలుస్తాయి.

స్విచ్చి మాత్రమే ఉంటే రెండు స్థానాల్లోనూ విని గట్టిగా ఉన్నది ఎంచుకోండి. తేడా ఏమీ లేకపోతే మీరు రెండింటి మధ్యలో, 90 డిగ్రీల దగ్గర ఉన్నారని అర్థం. సబ్‌ను అర మీటరు జరిపి మళ్లీ చూడండి. రిసీవర్‌లో సబ్ దూరం మార్చే వీలుంటే నాబ్‌ను 0 దగ్గర ఉంచి ఆ దూరంతోనే సర్దవచ్చు. అది టేపు దూరంకంటే ఎక్కువగా తేలినా కంగారుపడకండి, సర్క్యూట్ ఆలస్యం కూడా అందులో కలిసింది. ఇంకా లోతుగా వెళ్లాలనుకునేవాళ్లకు రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైకు ఉంటే ఈ కలయికనంతా గీతగా చూడవచ్చు.

సబ్‌ను యాంప్ స్పీకర్ టెర్మినళ్ల నుంచి కలిపేవాళ్లకు ఒక జాగ్రత్త: చాలా క్లాస్ డి (స్విచ్చింగ్ పద్ధతిలో పనిచేసే) యాంపుల్లో నలుపు టెర్మినల్ గ్రౌండు కాదు, అందులోనూ సంకేతం ఉంటుంది. ఎడమ నలుపునూ కుడి నలుపునూ ఒకటిగా కలిపితే యాంప్ పాడవుతుంది. మాన్యువల్ చూడకుండా కలపకండి.

సోఫా జరిగినా, సబ్ జరిగినా ఈ మెట్టు మళ్లీ చేయాల్సిందే. వైర్ల పోలారిటీ మాత్రం ఒకసారి సరిచేశాక మారదు.

చివరగా, రెండూ కలిసి తిరగబడితే

కొన్ని ప్రీయాంపులు (యాంప్‌కు ముందు ఉండే, వాల్యూమ్ సర్దే పరికరాలు) సంకేతాన్ని తిరగేసి పంపుతాయి, కొన్ని డాక్‌లలో (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పరికరాల్లో) దాన్ని తిప్పే బటన్ కూడా ఉంటుంది. అప్పుడు రెండు కోన్లూ కలిసే కదులుతాయి, కానీ డ్రమ్ దెబ్బకు ముందుకు రావాల్సింది వెనక్కి వెళ్తుంది. దీనివల్ల గొంతు మధ్యలోంచి జరగదు, బేస్ తగ్గదు. తేడా వినబడుతుందనేవాళ్లున్నారు, వినబడదనేవాళ్లున్నారు. రికార్డింగుల్లోనే ఒక పద్ధతి లేదు కాబట్టి దీనికోసం నిద్ర మానుకోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. మీ ప్రీయాంప్ మాన్యువల్‌లో సంకేతం తిరగబడుతుందని రాసి ఉంటే, రెండు స్పీకర్ల వెనకా తీగలను తిరగేసి, సబ్ ఉంటే అదీ అదే ప్రీయాంప్ నుంచి సంకేతం తీసుకుంటోందో లేదో చూసి, ఐదో మెట్టును ఇంకోసారి చేయండి.